దేవుడికి రెండు ఉత్తరాలు: గుంటూరులో ఒక తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ క్లాసు

‘మన సంస్కృతి’ మీద ఇంగ్లిష్‌లో వ్యాసం రాయమంటే మా తొమ్మిదో తరగతి పిల్లలు దాదాపు అందరూ ఒకటే రాస్తారు. సంక్రాంతి ముగ్గులు, గొబ్బెమ్మలు, కూచిపూడి నాట్యం, గోంగూర పచ్చడి, చివర్లో అతిథి దేవో భవ. ఆనందపేట నుంచి వచ్చే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి కూడా గొబ్బెమ్మల గురించే రాస్తుంది. ఆదివారం పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లే కుర్రాడూ అదే రాస్తాడు. మిర్చి యార్డులో హమాలీగా పనిచేసే ఆయన కొడుకూ అంతే. గైడ్‌లో అలాగే ఉంది, మార్కులూ బాగానే పడతాయి. ఆ పేపర్లు దిద్దుతుంటే మాత్రం నాకు బాధేస్తుంది. నలభై మందికి పైగా ఉన్న క్లాసులో సగం మంది తమది కాని ఇంటి గురించి, తమది కాని పండగ గురించి ‘మా’ అని రాస్తున్నారు. మీ ఇల్లు రాయదగ్గది కాదని వాళ్లకు ఎవరూ నోటితో చెప్పలేదు. అయినా వాళ్లకు అర్థమైపోయింది.

వేరే దేశాల కథలు చదివిస్తూ, ఈ పిల్లలు తమ ఇంటి గురించి సొంతంగా రాసేలా చేయడానికి ఒక విద్యాసంవత్సరం రెండో సగంలో నేను చేసిన పని ఇది. నాకు తేలింది ఇంతే: ‘నీ సంస్కృతి ఏమిటి’ అని నేరుగా అడిగితే పిల్లలు గైడ్ తీస్తారు. పరాయి ఊరి మనిషి కథ ముందు పెట్టి, ఆ మనిషి చేసింది సబబేనా అని అడిగితే, వాళ్లకే తెలియకుండా తమ ఇంటి నుంచి జవాబు చెబుతారు.

మాది ఇంగ్లిష్ మీడియం హైస్కూలు. పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో ఇంగ్లిష్ చదివిన మొదటి తరం వీళ్లే. కొందరు బ్రాడీపేట అపార్ట్‌మెంట్ల నుంచి వస్తారు, కొందరు సంగడిగుంట, పాత గుంటూరు నుంచి, కొందరు ఏటుకూరు, నల్లపాడు వైపు నుంచి బస్సెక్కి వస్తారు. పదో తరగతిలో బోర్డు పరీక్షల టెన్షన్ ఉంటుంది కాబట్టి తొమ్మిదినే ఎంచుకున్నాను. వారానికి రెండు పీరియడ్లు దొరికాయి, ఒకటి లైబ్రరీ పీరియడ్. మొదటి కథ పదో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లోని మొదటి పాఠమే. ‘ఎలాగూ వచ్చే ఏడాది చదవాల్సిందే కదండీ’ అనేసరికి హెచ్.ఎం. గారు కూడా ఒప్పుకున్నారు. కొత్త పాఠాలు పెట్టాలనుకునే టీచర్లకు నేను చెప్పేదీ ఇదే. సిలబస్‌లో ఉన్నదానితో మొదలుపెడితే తర్వాతవాటికి తలుపు తెరుచుకుంటుంది.

ఆ పాఠం మెక్సికో రచయిత గ్రెగోరియో లోపెజ్ ఇ ఫ్యుయెంతెస్ రాసిన ‘ఎ లెటర్ టు గాడ్’. లెంచో అనే రైతు మొక్కజొన్న వేస్తాడు. వాన కోసం ఎదురుచూస్తాడు. వాన పడుతుంది, దాని వెంటే వడగళ్లు పడి పంటంతా పోతుంది. మళ్లీ విత్తుకోవడానికి, పంట చేతికొచ్చేదాకా బతకడానికి వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాసి పోస్టు చేస్తాడు. ఆ ఉత్తరం చూసిన పోస్టుమాస్టర్ ముందు నవ్వుతాడు, తర్వాత ఆలోచనలో పడతాడు. తన జీతంలోంచి కొంత వేసి, తోటి ఉద్యోగుల దగ్గర పోగుచేసి డెబ్బై పెసోలు పంపుతాడు. లెంచో డబ్బు లెక్కపెట్టి, కోపంతో దేవుడికి రెండో ఉత్తరం రాస్తాడు. మిగతాది పంపు, పోస్టులో మాత్రం పంపకు, అక్కడివాళ్లు దొంగలు అని.

గైడ్ జవాబు ప్రకారం లెంచోకు దేవుడి మీద అపారమైన విశ్వాసం. క్లాసులో మొదట వచ్చిన జవాబూ అదే. నేను దాన్ని పక్కన పెట్టించి ఒక్క ప్రశ్న అడిగాను. లెంచో దేవుడినే ఎందుకు అడిగాడు, ఇంకెవరినీ ఎందుకు అడగలేదు?

అక్కడ నల్లపాడు వైపు పిల్లలు అందుకున్నారు. ‘వాళ్ల ఊళ్లో కమీషన్ వ్యాపారి లేడా మేడమ్?’ అన్నాడొకడు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఆయన రైతుకు పెట్టుబడికి డబ్బిస్తాడు, సరుకు ఆయన కొట్టుకే వేయాలి. కౌలు రైతు ఇంటి పిల్లలకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘అప్పులన్నీ అయిపోయాకే దేవుడికి రాసుంటాడు’ అని ఇంకొకడు. ‘నష్టపరిహారం రాసుకోవడానికి ఎవరూ రాలేదా?’ అని మరొకరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తడిసిన పొలాలను వీళ్లు కళ్లారా చూశారు. కల్లంలో ఆరబెట్టిన మిర్చి తడిస్తే రంగు పోయి తాలు అవుతుందని, తాలుకు వచ్చే ధర వేరని ఒక అమ్మాయి లేచి క్లాసుకు వివరించింది. ఆ అమ్మాయి అంతకుముందు ఇంగ్లిష్ పీరియడ్‌లో నోరు విప్పిన పిల్ల కాదు. సగం తెలుగులో చెప్పింది, నేను ఆపలేదు. బ్రాడీపేట పిల్లలు మొదటిసారి ఆ అమ్మాయి చెప్పేది నోట్సు రాసుకున్నారు.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పాను. గుంటూరుకు పేరు తెచ్చిన మిరప కూడా లెంచో దేశం వైపు నుంచి వచ్చిందే. మెక్సికో ప్రాంతంలో వేల ఏళ్ల కిందటే మిరప సాగు చేశారు. మన దేశానికి అది పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ద్వారా చేరింది. అంతకుముందు మన కూరల్లో కారం అంటే ఎక్కువగా మిరియాలదే. లెంచో వేసిన మొక్కజొన్నా అక్కడిదే. క్లాసు కాసేపు నమ్మలేదు. ‘అయితే మన పండుమిరప పచ్చడి మనది కాదా మేడమ్?’ అని ఒకడు నిజంగానే దిగులుగా అడిగాడు. వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది. ‘ఇన్ని వందల ఏళ్లు మన పొలంలో పండాక ఇంకా వాళ్లదెట్లా అవుద్దిరా!’ సంస్కృతి గురించి ఆ ఏడాది మా క్లాసులో జరిగిన మొదటి అసలైన వాదన అదే. పీరియడ్ బెల్లు కొట్టినా ఆగలేదు.

రెండో ఉత్తరం ఇంటి దగ్గరిది. గుర్రం జాషువా ‘గబ్బిలం’, 1941. వినుకొండలో పుట్టి, తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పి, 1971లో గుంటూరులోనే కన్నుమూసిన కవి. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపుతాడు. ఆ పద్ధతిని జాషువా తీసుకుని, గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక పేదవాడి చేత శివుడికి కబురు పంపించాడు. దూత గబ్బిలం, ఎందుకంటే మనిషికి లేని ప్రవేశం గుడిలో గబ్బిలానికి ఉంది. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు పద్యమా అని ఎవరైనా అడగొచ్చు. లెంచో పక్కన పెట్టడానికి ఇంతకంటే దగ్గరి రచన నాకు ప్రపంచంలో ఇంకొకటి కనిపించలేదు. మా తెలుగు మాస్టారు నా పీరియడ్‌కు వచ్చి పద్యాలు గొంతెత్తి చదివి అర్థం చెప్పారు, నేను చర్చ నడిపాను.

బోర్డు మీద రెండు నిలువు గళ్లు గీశాం. ఇద్దరూ దేవుడికే కబురు పంపారు. లెంచోకు దేవుడితో మాట్లాడటానికి అడ్డు ఎవరూ లేరు, సాయం చేసిన మనుషులను మాత్రం నమ్మలేదు. జాషువా నాయకుడికి దేవుడి మీద కోపం కంటే, దేవుడి దగ్గరికి వెళ్లనివ్వని మనుషుల మీద ప్రశ్న ఎక్కువ. ఈ తేడా నేను చెప్పింది కాదు, పిల్లలు పట్టుకున్నదే. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టాడని, ఆయన ‘క్రీస్తు చరిత్ర’కే 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని తెలిశాక ఇంకో ప్రశ్న లేచింది. మరి శివుడికి ఎందుకు రాశాడు? దాని మీద రాసిన పేరాల్లో రకరకాల జవాబులు వచ్చాయి. మూసిన తలుపు ముందే కదా అడగాలి అని ఒక అమ్మాయి రాసింది. ఆ పేపరు మీద నేను ఎర్ర ఇంకు పెట్టలేదు.

ఇక్కడ ఒక నియమం గురించి చెప్పాలి, ఈ పని చేయాలనుకునేవాళ్లకు ఇది అన్నిటికంటే ముఖ్యం. మొదటి రోజే చెప్పాను: ఎవరూ తమ కులం, మతం, ఇంటి అప్పుల గురించి క్లాసులో చెప్పాల్సిన పని లేదు. నోట్‌బుక్‌లో రాసింది నేను తప్ప ఎవరూ చదవరు, రాసినవాళ్లు సరే అంటేనే క్లాసులో వినిపిస్తాను. మార్కులు కథను ఎంత జాగ్రత్తగా చదివారన్నదానికే, ఇంటి గుట్టు ఎంత విప్పారన్నదానికి కాదు. మన ఊళ్లలో ఒక పిల్లవాడి కులం క్లాసులో బయటపడితే పదో తరగతి అయ్యేదాకా వాడు దాన్ని మోయాలి. గుర్తింపు గురించి పాఠం చెబుతూ పిల్లలను ఆ బరువు కింద పెట్టే హక్కు ఏ టీచరుకూ లేదు.

మూడోది నైజీరియా రచయిత చినువా అచేబె 1958లో రాసిన నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’. ఇరవై అయిదు చిన్న అధ్యాయాలు. అన్నీ చదవలేదు. కొన్ని నేను చదివి వినిపించాను, కొన్ని లైబ్రరీ కాపీల్లో గుంపులుగా చదివారు, మధ్యలో కథ చెప్పి కలిపాను. నైజీరియాలో ఇగ్బో అనే జాతివాళ్ల ఊరు ఉముయోఫియా, అక్కడ ఒకోంక్వో అనే మొండి మనిషి, తర్వాత మిషనరీలు, తెల్లవాళ్ల పాలన. మొదటి అధ్యాయంలో అప్పు వసూలుకు వచ్చినవాడికి కూడా ముందు కోలా కాయ ఇచ్చి, పెద్దలను తలచుకుని, ఊరి కబుర్లన్నీ అయ్యాకే అసలు విషయం ఎత్తుతారు. దీన్ని పిల్లలు వెంటనే పోల్చుకున్నారు. అప్పులవాడు వచ్చినా మంచినీళ్లు ఇవ్వకుండా మాట మొదలుపెట్టని ఇళ్లే వాళ్లవి.

మిడతల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఏడో అధ్యాయంలో మిడతల దండు దిగితే ఊరంతా సంబరంగా పట్టుకుని, వేయించి తింటారు. క్లాసంతా ‘ఛీ’ అంది. ఇద్దరు ముగ్గురు ఆఫ్రికావాళ్లంటూ ఏదో అనబోయారు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంటికి వెళ్లి, ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు తిని, ఇప్పుడు మనం తిననివి ఏమిటో కనుక్కురమ్మన్నాను. మర్నాడు ఏటుకూరు కుర్రాడు తొలకరి వాన పడ్డాక ఉసిళ్లను దీపం దగ్గర పట్టి, వేయించుకుని, బియ్యంతో కలుపుకుని తినేవాళ్లమని తాతయ్య చెప్పాడన్నాడు. చెప్పేముందు అటూ ఇటూ చూశాడు. ముందురోజు ‘ఛీ’ అన్నవాళ్లలో వాడూ ఉన్నాడు. ఇంకో ఇద్దరు ‘మా అమ్మమ్మ కూడా’ అన్నారు. నవ్వులు వచ్చాయి కానీ ముందురోజు నవ్వులు కావవి. మిడతల అధ్యాయం మళ్లీ చదువుదామని పిల్లలే అడిగారు, రెండోసారి ఎవరూ ముఖం చిట్లించలేదు.

ఆ అధ్యాయంలోనే, ఒకోంక్వో ఇంట్లో పెరుగుతున్న ఇకెమెఫునా అనే కుర్రవాడిని చంపుతారు. అది ఒకోంక్వో కొడుకు న్వోయె మనసులో పడిపోతుంది. కవల పిల్లలను అడవిలో వదిలేసే ఆచారం కూడా వాడిని వదలదు. మిషనరీల పాట విన్నాక వాడు చర్చి వైపు వెళ్లిపోతాడు. ఊరు వెలివేసిన ఒసులు కూడా చర్చిలో చేరతారు. గుంటూరులో ఈ అధ్యాయాలు చదివించడమంటే ఎక్కడో జరిగిన కథ చదివించడం కాదు. అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చింది 1842లో. ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది. క్లాసులో చర్చికి వెళ్లే పిల్లలు చాలామందే ఉన్నారు. ‘చర్చి వచ్చి ఊరిని విడగొట్టిందంటాడా ఈ రచయిత?’ అని ఒక కుర్రాడు కొంచెం కోపంగానే అడిగాడు. ఇంకో పక్క నుంచి ‘ఉన్నమాటే కదా’ అని మాట పడింది. గదిలో గాలి బిగుసుకుంది.

నేను ఇద్దరినీ పుస్తకంలోకి పంపాను. న్వోయె ఎందుకు వెళ్లాడో మూడు కారణాలు, ఊరు ఏం పోగొట్టుకుందో మూడు కారణాలు, పేజీ నంబరుతో సహా. ఒక్కొక్కరూ రెండు వైపులా రాయాలి. తర్వాత అచేబె తండ్రి చర్చి తరఫున బోధించిన మనిషని, ఆ ఇంట్లో పుట్టినవాడే ఈ నవల రాశాడని చెప్పాను. పుస్తకం ఎవరి పక్షమో తేల్చుకోవాలన్న తొందర పిల్లల్లో తగ్గింది. తమ నానమ్మ చదువుకుంది మిషన్ స్కూల్లోనని, ఆ స్కూలు లేకపోతే తాను ఈ బెంచీ మీద ఉండేదాన్ని కాదని ఒక పిల్ల నోట్‌బుక్‌లో రాసింది. అదే పేజీలో, తమ ఇంట్లో పాత పాటలు ఎవరికీ రావని కూడా రాసింది. రెండూ నిజమే. ఆ రెండు నిజాలనూ ఒకే పేజీలో పెట్టగలగడం తొమ్మిదో తరగతి పిల్లకు చిన్న విషయం కాదు.

చర్చలు తెలుగులో జరగనిచ్చాను, రాత ఇంగ్లిష్‌లో. ఇంగ్లిష్ తప్ప మాట్లాడకూడదనే నియమం మన దగ్గర చాలా స్కూళ్లలో ఉంది. తన చిన్నప్పుడు కెన్యాలో సొంతభాష గికుయు మాట్లాడి దొరికిన పిల్లల మెడలో అవమానకరమైన రాతతో రేకు వేలాడదీసేవాళ్లని గూగీ వా థియోంగో 1986 నాటి తన వ్యాసాల పుస్తకంలో రాశాడు. ఆ పేజీ చదివిన రోజు పిల్లలు వాళ్లంతట వాళ్లే తమ ఎల్.కె.జి. ఫైన్ల గురించి మాట్లాడుకున్నారు. నేను కలగజేసుకోలేదు.

ఇక అన్నిటికంటే బాగా ఫలించిన పని. నవల చివర్లో ఒకోంక్వో చనిపోతాడు. ఎలా పోయాడో వివరాలు చదివించలేదు, ఆత్మహత్య అని మాత్రం దాచకుండా చెప్పి, దాని గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ఆ తర్వాత తెల్లవాడైన జిల్లా కమిషనర్ తాను రాయబోయే పుస్తకం గురించి ఆలోచిస్తాడు. ఈ మనిషికి ఒక అధ్యాయం అక్కర్లేదు, ఒక పేరా చాలు అనుకుంటాడు. అప్పటిదాకా నవలంతా ఎవరి వెంట నడిచామో ఆ మనిషి ఒక పేరాకు కుదించుకుపోయాడు. పిల్లలకు దెబ్బ తగిలినట్టయింది.

మన జిల్లా గురించీ అలాంటి పుస్తకాలు ఉన్నాయని చెప్పాను. గోర్డన్ మెకెంజీ అనే అధికారి కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్ 1883లో వచ్చింది. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం, విడి జిల్లా అయింది 1904లో. విలువైన సమాచారం ఉన్న పుస్తకమే అయినా ఆ రాసిన చూపు ఆఫీసరుది. తర్వాత పిల్లలకు పని ఇచ్చాను. మీ వీధి గురించి రెండు పేరాలు రాయండి. మొదటిది ఒక్క పూట వచ్చి చూసిపోయిన ఆఫీసరు రాసినట్టు. రెండోది ఆ వీధిలో ఎక్కువ కాలంగా ఉన్న మనిషి చెప్పినట్టు. రెండో పేరా కోసం ఆ మనిషిని నిజంగా కూర్చోబెట్టి అడగాలి.

హమాలీ కొడుకు ఆఫీసరు పేరాలో వీధి ఇరుకని, మగవాళ్లు మూటలు మోస్తారని, తాగుతారని రాశాడు. నానమ్మ పేరాలో మాత్రం, యార్డు నుంచి వచ్చిన కొడుకు స్నానం చేసేదాకా చంటిదాన్ని ఎత్తుకోడని, బట్టలకున్న మిర్చి ఘాటు పిల్లకు మండుతుందని ఉంది. వాకిట్లో నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుని పిల్లతో మాట్లాడతాడట. ఇంగ్లిష్‌లో తప్పులున్నాయి. క్లాసులో చదువుదామా అని అడిగితే తానే చదువుతానన్నాడు.

ఆనందపేట అమ్మాయి రాసిన పేరాలో ఆఫీసరు మసీదును, సందులను లెక్కపెట్టి వెళ్లిపోయాడు. దాదీ చెప్పిన పేరాలో ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, డబ్బు లెక్క మాత్రం ఎక్కడున్నా తెలుగులోనే. చిన్నప్పుడు చిల్లర కొట్లో కూర్చుని నేర్చుకున్న లెక్క అది. బ్రాడీపేట అపార్ట్‌మెంట్ అమ్మాయికి మొదట ఎవరూ దొరకలేదు, అంతా అద్దెవాళ్లే. చివరికి వాచ్‌మన్ భార్యను అడిగింది. ఏ ఫ్లాట్‌లో ఎవరికి షుగరో, ఎవరి అబ్బాయి అమెరికా నుంచి ఫోను చేయడో ఆమెకు తెలుసు. ఆమె పేరు తనకు ఆ రోజే తెలిసిందని ఆ అమ్మాయి రాసింది.

అందరికీ ఇలా కుదరలేదు. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే ఒక అబ్బాయి రెండు పేరాలూ ఆఫీసరు గొంతుతోనే రాశాడు. తప్పు లేని ఇంగ్లిష్, మనిషి లేని వీధి. వాడికి మళ్లీ రాయమన్నాను, మళ్లీ అలాగే వచ్చింది. ఏళ్ల తరబడి ఆ రాతకే మార్కులు వేశారు కాబట్టి ఒక టర్మ్‌లో పోయేది కాదది. చివరి వ్యాసాల్లో గొబ్బెమ్మలు పూర్తిగా మాయం కాలేదు. అయితే రాసినవాళ్లు ఈసారి ఎవరి వాకిట్లో, ఎవరు పెట్టారో రాశారు.

మార్కులు పదికి వేశాను. కథలోంచి చూపిన ఆధారానికి అయిదు, సొంత ఆలోచనకు మూడు, భాషకు రెండు. గ్రామర్ తప్పులు విడిగా గుర్తుపెట్టాను. ఒక తండ్రి వచ్చి, ‘మావాడి చేత ఊరి కబుర్లు రాయిస్తున్నారంట, గ్రామర్ ఎప్పుడు చెబుతారు మేడమ్?’ అని అడిగారు. ఆయన ఆందోళన సబబే. నోట్‌బుక్ తెరిచి, నానమ్మ మాటలను రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చిన పేజీలు చూపించాను. గైడ్‌లోని వాక్యాలతో ఏడాదంతా రాని రిపోర్టెడ్ స్పీచ్ ఇంటి మనిషి మాటతో కుదిరింది, ఎందుకంటే ఎవరు ఎవరితో ఎప్పుడన్నారో పిల్లలకు తెలుసు. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, ఆ పేజీని నిలబడి చివరిదాకా చదివారు.

నవల పెట్టే వీలు లేని స్కూల్లో లెంచో కథ, గబ్బిలం, ఆఫీసరు పేరా ఈ మూడూ చాలు. రెండు మూడు వారాల్లో అయిపోతాయి. తెలుగు టీచరును ముందే కలుపుకోవాలి, పద్యం ఆయన గొంతులో వినాల్సిందే. వీధి పేరాలు శుక్రవారం ఇచ్చి సోమవారం తీసుకోండి. యార్డుకు సెలవు ఆ శని, ఆదివారాలే. పిల్లలు అడగాల్సిన మనుషులు ఇంట్లో దొరికేదీ అప్పుడే.